కోట పడని పటం

హోసూరు
12-6-1983

పాపక్కా,

జాబు రాసి శానా నెలలయింది, తిట్టుకుంటా ఉంటావు. తిట్టు. తిట్టినాక ఇది చదువు. మేము బాగుండాము. నీ మరదలు మంజుల నిన్ను అడిగినానని రాయమనింది.

స్టూడియో సంగతి ఏం చెప్పేది. పొద్దున తలుపు తీస్తే చాలు, ఫ్యాక్టరీల్లో చేరేదానికి వచ్చిన పిలకాయలు వరసగా నిలబడతారు. ఆంధ్రా నుంచి వచ్చినోళ్ళు, తిరుపత్తూరు నుంచి వచ్చినోళ్ళు, అందరికీ పాస్‌పోర్టు ఫోటో కావాల. గోడకు నల్లకోటు ఒకటి తగిలించి పెట్టినా. ఒగడు విప్పితే ఇంకొగడు తొడుక్కుంటాడు. మెడ తిప్పు, గడ్డం ఎత్తు, ఊపిరి బిగబట్టు. నేను ఫోటోలు తీసేవాడినా, కోటు తొడిగేవాడినా అని నాకే అనుమానం వస్తుందక్కా.

ఇప్పుడు అసలు సంగతి. బెంగుళూరులో ఫోటోలోళ్ళ సంఘం పోటీ ఒకటి పెట్టింది. పాతకాలపు ఊరు ఏదన్నా ఒకటి ఎంచుకోవాల. ఆ ఊరి పేరు చెప్పితే అందరికీ గుర్తొచ్చేది ఉంటుంది చూడు, అది మాత్రం ఫోటోలో పడకూడదు. మైసూరంటే ప్యాలెస్ పడకూడదు. నేను కృష్ణగిరి అని రాసిచ్చినా. అంటే కోట పడకూడదు.

రెండు ఆదివారాలు కెమెరా మెడకు తగిలించుకుని తిరిగినా. యాడ నిలబడినా ఆ కొండ, ఆ కోటగోడ వెనక నుంచి తొంగి చూస్తాయి. కోట తప్పించి తీస్తే బస్టాండు పడుతుంది. ఎండకు నెత్తి మాడిపోయింది.

నువ్వు మేకలు తోలుకుని ఆ గుట్టలన్నీ తిరుగుతావు కదా. ఎవరూ చూడని తావు ఏదన్నా ఉంటే చెప్పు. ఈ ఒక్కటి కొట్టినానంటే జన్మకు ఆ నల్లకోటు ముట్టను.

నీ తమ్ముడు
మునివెంకటప్ప


కుందారపల్లి
19-6-1983

మునీ,

మీ బావ పోయి రెండేండ్లయింది. దినాలకు వచ్చినోడివి మళ్ళా ఈ పక్క తల తిప్పలేదు. కృష్ణగిరి దాకా రెండు ఆదివారాలు వచ్చినావంట, హోసూరు నుంచి బస్సు మా ఊరి మీదనే పోతుంది కదప్పా, దిగేదానికి కాళ్ళు రాలేదా? అక్క గుర్తొచ్చింది ఎప్పుడు? తావు కావాల్సి వచ్చినప్పుడు. బాగుంది నీ సంబడం.

సరే, తిట్టమన్నావు, తిట్టినా. ఇప్పుడు విను.

కృష్ణగిరి పాతపేటలో, సంతకు పోయే సందులో రాతితొట్టి ఒకటుంది. కోటలో గుర్రాలుండే కాలంలో వాటికి నీళ్ళు పెట్టేదంట. ఇప్పుడు ఆడోళ్ళు దాంట్లో బొంతలు ఉతుకుతారు. పొద్దున్నే పోతే బాగుంటుంది. మామిడి మండీల వెనక మెట్లబావి ఉంది, దాని గోడ మీద రాతి ఏనుగులు, ఒకదానికి తొండం లేదు. ఇవి ఎవరన్నా చూపిస్తారు, నేనే అక్కర్లేదు.

ఇంకొకటుంది. చెప్పాలా వద్దా అని మూడు దినాలు ఈ కాగితం ముందర పెట్టుకుని కూర్చున్నా.

మా ఊరి వెనక గుట్టలో గవి ఉంది, రాతిగుహ. మా అత్తగారి వంశపోళ్ళ వీరులు ఆడ ఉండారు. వీరకల్లులంటాము, చచ్చిపోయిన మగోళ్ళను రాతిలో చెక్కింది. ఒకాయన పులిని పొడస్తా ఉంటాడు. ఒకాయన మందను మళ్ళిస్తా బాణాలు తగిలించుకుని ఉంటాడు. ఆయన పక్కన ఆయన పెండ్లాం చెయ్యి ఎత్తి నిలబడింది, ఆ చేతికి గాజులు కూడా చెక్కినారు. సాయంత్రం పొద్దువాలేటప్పుడు గవిలోకి వెలుగు వాలుగా దూరుతుంది, అప్పుడు ఆ రాళ్ళన్నీ కదిలినట్లుంటాయి.

ఆడికి ఏడాదికొకసారి ఇంటి మగోళ్ళు పోతారు. దీపం పెట్టేది ఇంటికి పెద్దోడు, అంటే మీ బావకు అన్న, మా మారప్ప బావ. ఆ ఇంట్లో పుట్టిన ఆడబిడ్డయితే పోవచ్చు. కోడలు పోకూడదు. మేము వాగు ఇవతల పొంగలి వండి పంపించి, ఆ పక్కకు వీపు తిప్పి కూర్చోవాల. రాతిలో కోడలు ఉండొచ్చు, ప్రాణమున్న కోడలు పోకూడదు. ఎవరు పెట్టినారో ఈ కట్టు, వాళ్ళ నోట్లో మన్నుపడ.

నేను పోయినా. మీ బావ పోయిన ఏడు పెద్దవాన వచ్చి, మేకలు లోపలికి దూరినాయి, వాటి వెనక నేనూ దూరినా. అప్పటినుంచి మనసు బాగలేనప్పుడు పోయి కూర్చుంటా ఉండా. ఇంట్లో ఏడిస్తే ఇంకా ఎన్నాళ్ళు అంటారు. ఆడ ఎవరూ అనరు.

పిల్లాజల్లా లేనిదాన్ని. ఈ ఇంట్లో మీ బావ పాలుకు వచ్చిన ఒక గది, పది మేకలు, అంతే నాకుండేది. ఇది తెలిస్తే అదీ ఉండదు. నువ్వు తోడబుట్టినోడివని చెప్పినా. నోరు కట్టుకో. జవాబు కార్డు మీద రాయొద్దు, మా పోస్టాయన చదివి ఊరంతా వినిపిస్తాడు.

పాపక్క


హోసూరు
20-7-1983

అక్కా,

నీ చేతికి దండం పెట్టాల. ఆదివారం నాడు నువ్వు చూపించిన ఆ గవి నా కండ్లల్లో నుంచి పోవడం లేదు. గుర్రాల తొట్టీ తీసినా, బావీ తీసినా, అవన్నీ దీని ముందర దిగదుడుపే.

ఉత్త రాళ్ళు తీసిన ఫోటోలు చూస్తే గవి ఎంత పెద్దదో తెలిసేటట్టు లేదు. మనిషి ఉంటేనే కొలత తెలిసేది. అందుకే నిన్ను నిలబడమన్నా. నువ్వేమో కొంగు మొగానికి అడ్డం పెట్టుకుంటివి, నేను అరస్తిని, నువ్వు నన్ను తిడితివి. మేక ఒకటి వచ్చి నా సంచి నమిలె.

దీపం వెలిగించమన్నప్పుడు నువ్వు వద్దు వద్దన్నావు కదా. ఒక్క నిమిషం, వెలుగు కోసం అంటే చివరికి ఒప్పుకున్నావు. ఆ చెయ్యి ఎత్తిన రాతిబొమ్మ కింద నువ్వు దీపం పెట్టి తల ఎత్తినావు చూడు, అప్పుడు నీ మొగంలో ఏం వచ్చిందో నాకు తెలీదు. కాగితం మందులో వేసి ఆడించినా, మొదట దీపం తేలింది, తర్వాత నీ మొగం తేలింది. మంజుల పక్కనే ఉంది. ఇది మీ అక్కేనా అనింది.

నువ్వు చెప్పింది గుర్తుంది. నువ్వు లేనిది పోటీకి, నువ్వు ఉండేది నీకు. భయపడొద్దు.

మునివెంకటప్ప


కుందారపల్లి
2-8-1983

మునీ,

నీ జాబు చదివి గమ్మునుండలేక మళ్ళా చదివినా. ఆ పటం బిన్నా పంపించు, ఆలస్యం చెయ్యొద్దు. నాకు పెండ్లినాటి ఫోటో కూడా లేదు. ఫోటో తీసేవాడి అక్కను, ఎవరన్నా వింటే నవ్విపోతారు.

ఆ దీపం నీ వెలుగు కోసం పెట్టలేదు నేను. ఇది చెప్పుకోవాల. మీ బావకు రాయి నిలబెట్టే కాలం కాదు ఇది, పులిని చంపి చావలేదు ఆయన, జ్వరమొచ్చి చచ్చిపోయినాడు. అయినా ఆయన పెద్దోళ్ళు ఉండేది ఆడనే కదా, ఆయన కూడా ఆడికే పోయుంటాడు అనిపించింది. అందుకు పెట్టినా.

గోడకు తగిలించుకోను. బొంతల అడుగున పెట్టుకుంటా. నేనుండే పటం ఎవరికీ చూపించొద్దు. మంజుల చూసింది చాలు.

ఇంకో మాట. ఈ వారం ఈడ వాన లేదు, మేకలకు ఆకు దొరకడం లేదు. ఒకటి కుంటుతా ఉంది. నీ సంచి నమిలిందే, అదే. నీ ఉసురు తగిలింది.

పాపక్క


హోసూరు
9-11-1983

అక్కా,

కూర్చున్నావా? కూర్చుని చదువు. మొదటి బహుమతి మనకే వచ్చింది! వెండి కప్పు. టౌను హాల్లో అంతమంది ముందర నా పేరు పిలిచినారు.

నువ్వు కోప్పడతావని తెలుసు. పంపించింది నువ్వుండే పటమే. నువ్వు లేనిది కూడా పెట్టి చూసినా, అది ఉత్త రాళ్ళ పటం, ప్రాణం లేదు. దీంట్లో ప్రాణం ఉంది. నువ్వు పల్లెలో ఉండేదానివి, సిగ్గుపడి వద్దంటావు. కానీ బెంగుళూరులో నిన్ను ఎవరు గుర్తుపడతారు చెప్పు. పేపరాయన ఆ తావు ఎట్ల దొరికింది అని అడిగినాడు. ఒంటిగా గుట్టలన్నీ తిరిగి, ముండ్లలో పడి, నేనే కనిపెట్టినానని చెప్పినా. నీ పేరు రానివ్వకూడదని అట్ల చెప్పినా. పేపర్లో వేసినారు, నా ఫోటో కూడా వేసినారు.

కృష్ణగిరి మండీ యజమాని ఒకాయన ఆ దినం ఆడికి వచ్చినాడు. వచ్చే ఏడు క్యాలెండరుకు ఆ పటమే కావాలన్నాడు. ఇచ్చేసినా. నీకు దాచిన కాపీ ఆయనే పట్టుకుపోయినాడు, ఇంకొకటి కడిగి పంపిస్తా. పెండ్లి ముహూర్తాల కాలం, చేతికి తీరిక లేదు.

సంతోషపడు అక్కా, ఒక్కసారన్నా.

నీ తమ్ముడు ముని


కుందారపల్లి
8-1-1984

మునివెంకటప్పకు,

నీ పటం నాకు చేరింది. నువ్వు పంపించలేదు. మారప్ప బావ మామిడి తోటల సంగతి మాట్లాడేదానికి మండీకి పోతే, చుట్ట చుట్టి చేతిలో పెట్టినారంట. ఇంటికొచ్చి పడసాలలో విప్పినాడు. కింద జనవరి, పైన నేను. దీపానికి పసుపురంగు కూడా వేసినారు.

బెంగుళూరులో ఎవరు గుర్తుపడతారు అన్నావే. క్యాలెండరు పంచేది యాడప్పా? టీ అంగట్లో తగిలించినారు. రైసుమిల్లులో తగిలించినారు. మా పోస్టాయన ఇంట్లో తగిలించినాడు. సిగ్గంట! నేను సిగ్గుకు వద్దన్నానా? నీకు కాగితం మీద అంతంత రాసింది ఏమైంది, చదవలేదా? చదివినావు. తావు యాడుందో అంతవరకు చదువుకుని మిగిలింది వదిలేసినావు.

మారప్ప బావ అరవలేదు. అరిచుంటే బాగుండు. నా గది ముందర నిలబడి, కోడలు పోయింది ఒక తప్పు, దీపం పెట్టింది ఇంకో తప్పు అన్నాడు. నా పొయ్యిలో నిప్పు ఆర్పించినాడు. మేకలను మందలో కలపనియ్యడం లేదు. మా అత్త కెంచమ్మ అందరూ పడుకున్నాక ఆ క్యాలెండరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. లోపల ఇట్లుంటుందా పాపా అని అడిగింది. యాభై ఏండ్లు వాగు ఇవతల వీపు తిప్పి పొంగలి వండింది, పాపం. వేలు పెట్టి ఒక్కొక్క రాయి చూపించినా. ఆయమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చినా.

ఇప్పుడు విను, ఇంకా దోవ ఉంది. పదహారో తేదీ సోమవారం కులపోళ్ళు పంచాయితీకి కూర్చుంటారు. బయటి వంశం మగోడు తెలీక గవిలోకి పోతే దాన్ని పెద్ద తప్పు అనరు. ఒక మేకను కోసి, పసుపునీళ్ళు చల్లి వదిలేస్తారు. నువ్వు వచ్చి, నేనే తిరిగి తిరిగి కనిపెట్టినా, మా అక్క మేక కోసం ఆ పక్క వస్తే నేనే లోపలికి పిలిచినా, దీపం నేనే చేతికిచ్చినా అని చెప్పు. మేక నేనిస్తా.

నువ్వు కొత్తగా ఏమీ కట్టి చెప్పాల్సిన పని లేదు. పేపరాయనకు చెప్పిందే ఈడా చెప్పు. నా గది, నా బతుకు నీ నోట్లో ఉండాయి. సోమవారం పొద్దున మొదటి బస్సుకే రా.

పాపక్క


హోసూరు
21-1-1984

అక్కా,

సోమవారం కులపోళ్ళు లేచినాక నువ్వు లోపలికి పోయి తలుపు వేసుకున్నావు. బస్టాపు దాకా ఎవరూ రాలేదు. నా పక్కది కూడా నువ్వు వినాల.

చెప్పాలనే వచ్చినా. దోవంతా మాటలు కూర్చుకుంటా వచ్చినా. కానీ వాళ్ళు కంబళి పరుస్తారని నువ్వు రాయలేదు. నల్లకంబళి పరిచి, దాని మీద పసుపు పోసి, మారప్పన్న దాని మీద నిలబడి చెప్పమన్నాడు. మనం కూడా మందలోళ్ళ బిడ్డలమే కదక్కా. కంబళి తొక్కి అబద్ధం చెప్పితే వంశం నిలవదని మన నాయన ఎన్నిసార్లు చెప్పినాడు. నాకు ఇద్దరు పిల్లోళ్ళుండారు. కాళ్ళ కింద ఆ పసుపు తగిలేటప్పటికి కూర్చుకున్న మాటలన్నీ పోయినాయి. అక్కే చూపించింది అని వచ్చేసింది. నేను అనలేదు, అది నా నోట్లో నుంచి వచ్చేసింది.

ఊరికే ఉండలేక ఒక పని చేసినా. రెండు దినాలు కుంచె పట్టుకుని నెగెటివ్ దిద్దినా. నువ్వు ఉండేచోట రాయి మాదిరి చేసేసినా. ఎంత బాగా కుదిరిందంటే, ఆడ మనిషి ఉండిందని దేవుడు కూడా చెప్పలేడు. కాపీ దీంతో పెట్టి పంపిస్తా ఉండా. మారప్పన్నకు చూపించు. క్యాలెండరులో ఉండేది నువ్వు కాదు, అచ్చులో ఏదో పొరపాటు అని చెప్పు. మండీ ఆయన ఇంకొకసారి అచ్చు వేస్తే ఇదే వేయమని చెప్పినా.

ఈడికి రమ్మని పిలవాలనే ఉంది. మా ఇల్లు నీకు తెలుసు, ముందర స్టూడియో, వెనక ఒకే గది. మంజులకు కూడా ఒళ్ళు బాగలేదు. రవంత కుదురుకోనీ.

నన్ను తప్పుగా అనుకోవద్దు.

ముని


కృష్ణగిరి
6-5-1984

మునివెంకటప్పా,

నీ జాబు కుందారపల్లికి పోయి, ఆడ నేను లేనని తెలిసి, పోస్టాయన చేతులు మారి నాకు చేరేటప్పటికి మూడు నెలలయింది. పాపం ఆ పోస్టాయన మంచోడు. నేనే ఊరికే తిట్టుకున్నా.

గది మారప్ప బావ గడ్డి వేసుకునేదానికి తీసుకున్నాడు. మేకలు వంశపోళ్ళవి అన్నారు, వదిలేసి వచ్చినా. ఆ కుంటిది కొంత దూరం నా వెనకే వచ్చింది, రాళ్ళు విసిరి మళ్ళించినా. మా అత్త వాకిట్లోకి రాలేదు, తలుపు సందులో నుంచి చూసింది. ఇప్పుడు కృష్ణగిరిలో మామిడి మండీలో పనికి ఉండా. పచ్చికాయ ఏరి, గంపల్లో గడ్డి పరిచి సర్దేది. సొన తగిలి చేతులు పుండ్లయినాయి. రాత్రి పడుకునేది ఆ షెడ్డులోనే, ఇంకా నలుగురు ఆడోళ్ళుండారు. ఆ మండీ ఆయనే, నీ క్యాలెండరు ఆయన. గోడ మీద నేను, కింద గంపల దగ్గర నేను, ఆయప్ప ఒక్కసారి కూడా తల ఎత్తి ఇటు చూసి అటు చూసింది లేదు.

నువ్వు రాసింది బాగా చదివినా. ఈసారి నీ మాదిరి సగం చదవలేదు. కంబళి తొక్కి అబద్ధం చెప్పలేకపోయినావు. నిజమే, మన నాయన చెప్పినాడు. మరి బెంగుళూరులో అంతమంది ముందర నేనే కనిపెట్టినా అని చెప్పినప్పుడు కాళ్ళ కింద ఏమీ తగల్లేదా? ఆడ చెప్పిన అబద్ధానికి కప్పు వచ్చింది. ఈడ అదే మాట చెప్పింటే నాకు ఒక పొయ్యి మిగిలేది. నువ్వు ఎత్తుకుపోయిన తావును నేను చూపించినానని ఈ లోకంలో నువ్వు ఒప్పుకున్నది ఒక్కచోటనే, అదీ నన్ను వెళ్ళగొట్టే చోట.

నీకు పిల్లోళ్ళుండారని రాసినావు. నాకు లేరు కాబట్టి నాకు పోయేదేముంది అనుకున్నావు కదా. అనుకోలేదు అని జవాబు రాయొద్దు. నువ్వు రాసేది చదివే ఓపిక నాకు లేదు.

నువ్వు దిద్దిన పటం చూసినా. నేను లేను. బాగా చేసినావు, నిజంగానే రాయి మాదిరి ఉంది. నా కాళ్ళు, నా కొంగు, నా మొగం అన్నీ రాయి. కానీ దీపం వదిలేసినావు. అది ఉంటేనే కదా పటానికి అందం. ఎవరు పెట్టినారప్పా ఆ దీపం? మీ బావకు పెట్టింది అది. దాన్ని కూడా చెరిపేసుంటే నాకు ఇంత కడుపు మండేది కాదు. ఆ పటం నేను ఉంచుకోలేదు. గంప అడుగున, కాయల కింద పరిచి పంపించేసినా. ఏ ఊరికి పోయిందో తెలీదు.

నేనుండే పటం ఒకటి పంపించమని అడిగినా చూడు, అది కూడా ఇప్పుడు వద్దు. నాకు ఇంక జాబులు రాయొద్దు. మంజులకు ఒళ్ళు బాగవ్వాల, పిల్లోళ్ళు బాగుండాల, ఆ మాట మాత్రం మనసులో నుంచే రాస్తా ఉండా.

మా షెడ్డు కోటకొండ కిందనే. నువ్వు వద్దు వద్దని తప్పించుకుని తిరిగినావే, ఆ కోటే. పొద్దున లేస్తే నా ఎదురుగా ఉంటుంది. ఆదివారాలు హోసూరు నుంచి, బెంగుళూరు నుంచి కెమెరాలు తగిలించుకుని వస్తారు. నేను వాకిట్లో గంపలు కడుగుతా ఉంటా. అమ్మా, కొంచెం పక్కకు జరుగు, కోట పడాల అంటారు.

జరుగుతా.

పాపమ్మ